కొబ్బరి ధరల పక్కన నాలుగు వాక్యాలు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ అంబాజీపేట మార్కెట్ కొబ్బరి ధరలు వేసే మూల ఒకటి ఉంది. ఆ మూల గురించి ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను. విన్నపం చిన్నదే: ఒక మానసిక వ్యాధిని తొందరగా గుర్తించమని చెప్పే నాలుగు వాక్యాలు ఆ ధరల పక్కన వేయమని. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. మా పుట్టింటివారిది కురిడీ వ్యాపారం. కాయలను అటక మీద చేర్చి, ఏడాది పాటు కదపకుండా ఉంచి, లోపలి గుండు చిప్పను వదిలి గటగటలాడే వేళకు దించుతారు. కాయను చెవి దగ్గర ఊపి, తయారైందో లేదో చెప్పడంలో మా అందరిలో ఆఖరివాడైన తమ్ముడిని మించినవారు లేరు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు వాడికి 19 ఏళ్లు. అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాడు. ఆ రాత్రి కోనసీమ ఏమైందో మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారాక మా తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం. సంక్రాంతి దాటాక తమ్ముడు కాలేజీ మానేశాడు. రాత్రంతా మేలుకొని పగలు పడుకునేవాడు. వీధి వైపు కిటికీకి దుప్పటి కట్టాడు. అమ్మ వడ్డించిన అన్నం ముందు అమ్మ తింటే గాని ముట్టేవాడు కాదు. ఒక రాత్రి నన్ను లేపి, “అక్కా, అటక మీద కాయలు నా గురించి మాట్లాడుకుంటున్నాయి, నీకు వినబడటం లేదా?” అని అడిగాడు. వినబడటం లేదన్నాను. అప్పుడు వాడు నా వైపు చూసిన చూపును నేను ఈనాటికీ మరచిపోలేదు.

తుపానుకు దడుచుకున్నాడని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. చెట్లు తేరుకుంటే వీడూ తేరుకుంటాడని నాన్న అనేవారు. గాలి సోకిందని ఒకరంటే అంత్రం కట్టించాం. ఊళ్లో వైద్యం చేసే ఆయన బలానికని సూదులు పొడిచారు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని పెద్దలు చెబితే రాజోలు వైపు సంబంధం కూడా చూశాం. ఆ అమ్మాయి బతుకు మా చేతుల్లో పాడుకాకుండా ఆపింది కాకినాడలోని మానసిక వైద్యుడు. అప్పటికింకా యానాం దగ్గర వంతెన లేదు. ఎదురులంక రేవులో పంటు ఎక్కించి వాడిని ఆయన దగ్గరికి చేర్చేసరికి 1999 మార్చి వచ్చింది. మొదటి లక్షణానికీ మొదటి మాత్రకూ మధ్య 26 నెలలు గడిచిపోయాయి. వ్యాధి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడి, లేని భయాలు పట్టుకునే మానసిక వ్యాధి. ఏటా నల్లబల్ల మీద మెదడు బొమ్మ గీసి పాఠం చెప్పిన మనిషిని, నా ఇంట్లో దాన్ని పోల్చుకోలేకపోయాను.

ఆ నెలల విలువ ఎంతో తర్వాత చదువుకుంటే తెలిసింది. నార్వేలోని రోగలాండ్ ప్రాంతంలో ఇలాంటి రోగులు చికిత్సకు చేరడానికి అప్పట్లో మధ్యస్థంగా 26 వారాలు పట్టేది. మా ఇంట్లో నెలలు, అక్కడ వారాలు. అదే చాలా ఎక్కువని అక్కడి వైద్యులు బాధపడి, 1997లో టిప్స్ అనే అధ్యయనం మొదలుపెట్టారు. కొత్త మందు కోసం వెతకలేదు. పత్రికల్లో, రేడియోలో, సినిమా హాళ్లలో ప్రకటనలిచ్చారు. బడి పంతుళ్లకు లక్షణాలు నేర్పారు. తల్లి గాని, స్నేహితుడు గాని, ఎవరైనా నేరుగా ఫోను చేయగల బృందాన్ని పెట్టారు. 26 వారాల ఆలస్యం 5 వారాలకు దిగింది. పదేళ్ల తర్వాత ఆ రోగులను మళ్లీ పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ముందుగా గుర్తించే ఏర్పాటున్న చోట దాదాపు 31 శాతం మంది కోలుకొని ఉన్నారు, ఆ ఏర్పాటు లేని చోట్ల 15 శాతం మందే. లక్షణాలు తగ్గి, పని చేసుకుంటూ, నలుగురిలో తిరుగుతూ ఉంటేనే కోలుకున్నట్టు లెక్క వేశారు.

ఆ అధ్యయనంలో మరొక సంగతి ఉంది. మీకు ఉత్తరం రాయాలన్న ఆలోచన నాకు దాని వల్లే వచ్చింది. కొన్నేళ్లకు ప్రకటనలు ఆపేశారు. డాక్టర్లు ఉన్నారు, ఫోను ఎత్తే బృందమూ ఉంది. అయినా ఆలస్యం మళ్లీ 15 వారాలకు పెరిగింది.

ఇదంతా పాత ముచ్చట, ఇప్పుడు జనానికి అన్నీ తెలుసు అంటారేమో. గత ఏడాది నా పూర్వ విద్యార్థి తల్లి ఒకావిడ మా ఇంటికి వచ్చి, “టీచరుగారూ, వాడు మీ మాటైతే వింటాడు” అని ఏడ్చింది. అబ్బాయి ఇంజనీరింగు మూడో ఏడు వదిలేసి ఇంటికి వచ్చాడు. హాస్టల్లో గంజాయి అలవాటైంది. మాన్పించి అయిదు నెలలైనా గోడవైపు తిరిగి ఎవరితోనో వాదిస్తూనే ఉన్నాడు. మత్తు దిగిపోతే సర్దుకుంటాడని ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తున్నారు.

ఆ తల్లి మాటల్లో నాకు మా నాన్న గొంతు వినబడింది. మాకు తుపాను, వీళ్లకు గంజాయి. కారణం చేతికి దొరికిందనుకున్నాం, ఇక అది పోతే వ్యాధీ పోతుందని కూర్చున్నాం. గంజాయి ప్రమాదం లేనిదని నేననడం లేదు. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేలమందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి 1987లో ప్రకటించిన అధ్యయనంలో, 50 సార్లకు మించి గంజాయి వాడినవారికి స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువగా వచ్చింది. మన ఏజెన్సీ నుంచి కిందికి దిగే సరుకు గురించి మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది, ఇంకా గట్టిగా రాయాలి. అయితే గంజాయి తాగిన వారందరికీ ఈ వ్యాధి రాదు, వ్యాధి వచ్చిన వారందరూ గంజాయి తాగినవారూ కారు. ఒకసారి మొదలైన వ్యాధి, గంజాయి మానినంత మాత్రాన మానదు.

వంశం మాట కూడా అంతే. మా అమ్మాయికి సంబంధాలు చూసేటప్పుడు “మీ ఇంట్లో ఉందట కదా” అని మొహం మీదే అడిగారు. 2022లో 76 వేలమందికి పైగా రోగుల జన్యువులు పరిశీలించిన అంతర్జాతీయ బృందం, మన జన్యుపదార్థంలో ఈ వ్యాధితో సంబంధమున్న చోట్లు 287 ఉన్నాయని తేల్చింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం. అచ్చం ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వ్యాధి వచ్చినా, దాదాపు సగం సందర్భాల్లో రెండోవారికి రానే రాదు. అన్ని చిన్న చిన్న కారణాలు కలిసి వచ్చే వ్యాధికి మనం ఒక్క పేరు పెట్టి, ఆ పేరు చాటున బిడ్డను కూర్చోబెడుతున్నాం. ఆ ఇంజనీరింగు అబ్బాయిని, తల్లి నా దగ్గరికి వచ్చిన మర్నాడే డాక్టరుకు చూపించాం. మందులు వాడుతున్నాడు.

మా తమ్ముడి చికిత్స సాఫీగా సాగలేదని కూడా చెప్పాలి. మొదటి మందులకు చేతులు వణికి, మెడ బిగుసుకుపోయేది. రెండుసార్లు మానేశాడు, రెండుసార్లూ ఆసుపత్రిలో చేర్చాం. 2006లో క్లోజపిన్ మొదలుపెట్టారు. ఆ మందు తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు. 1975లో ఫిన్లాండ్‌లో కొందరు రోగులు చనిపోతే చాలా దేశాలు దాన్ని పక్కన పెట్టాయి. ఇతర మందులకు లొంగని రోగుల్లో దీనితో 30 శాతం మందికి, పాత మందుతో 4 శాతం మందికి మేలు జరిగిందని 1988లో అమెరికాలో జరిగిన పరీక్ష చూపాక మళ్లీ వాడుకలోకి వచ్చింది. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించాలి. ప్రతి శనివారం బడి వదలగానే వాడిని అమలాపురం బస్సు ఎక్కించేదాన్ని. పదకొండో వారంలో, కిటికీ పక్కన కూర్చున్నవాడు, “అక్కా, ఇవాళ వరి కోతలు మొదలెట్టారు” అన్నాడు. దాదాపు పదేళ్ల తర్వాత వాడు బయటి లోకాన్ని గురించి తనంతట తాను అన్న మొదటి మాట అది.

2024 సెప్టెంబరులో ఈ వ్యాధికి ఇంతవరకూ లేని తరహా మందు ఒకదానికి అమెరికాలో అనుమతి వచ్చింది. పాత మందుల్లా మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను అడ్డుకోకుండా, మస్కరినిక్ అనే వేరే గ్రాహకాల మీద పనిచేస్తుంది. చదివి చాలా సంతోషించాను. కానీ ఈ వ్యాధికి మొట్టమొదటి మందుగా 1952లో ప్యారిస్‌లో వాడుకలోకి వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ దగ్గరికే మా తమ్ముడు 47 ఏళ్లు ఆలస్యంగా చేరాడు. కొత్త మందు వార్తకు ఇచ్చినంత చోటు, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పే మాటకూ ఇవ్వమని అడుగుతున్నాను.

ప్రతి ఆదివారం కొబ్బరి ధరల పక్కన ఈ నాలుగు వాక్యాలు వేయండి: “నిద్ర తారుమారై, నలుగురికీ దూరమై, తనకెవరో హాని తలపెట్టారని భయపడుతూ, ఇతరులకు వినబడని మాటలు వింటున్న పిల్లలు మీ ఇంట్లో ఉన్నారా? కారణం వెతుకుతూ ఆగకండి. 14416కు ఏ వేళనైనా ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. దగ్గరలోని మానసిక వైద్యుడికి ఈ వారంలోనే చూపించండి.” టెలీ మానస్ అనే ఆ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. నేను అడిగిన పదిమంది తల్లుల్లో ఆ నంబరు ఒక్కరికే తెలుసు.

ఆ మూలే ఎందుకంటే, మా వైపు దింపు కార్మికుల నుంచి కమీషను వ్యాపారుల దాకా పత్రిక చేతికి రాగానే చూసేది దాన్నే. మా తమ్ముడికి ఇప్పుడు 48 ఏళ్లు. వాడు పూర్తిగా మునుపటి మనిషి కాలేదు. సంతల్లో నిలబడలేడు, లెక్కలు రాయలేడు. అటక మీద కాయలు ఏరే పని మాత్రం మళ్లీ వాడిదే. పొద్దున్నే కళ్లు సరిగా కనబడని అమ్మ పక్కన కూర్చుని, ఆ ధరలు పైకి చదివి వినిపిస్తాడు. ఈ ఉత్తరం వాడికి చూపించాకే పంపుతున్నాను. కాయల మాట రాయవచ్చన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. అందువల్ల నా పేరు కూడా ప్రచురించవద్దని మనవి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
అంబాజీపేట మండలం, కోనసీమ