పాత సిస్టమ్ ఉందా, ఇచ్చేశావా?

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మేడ మీదకి ఎక్కొద్దంటే మాత్రం వినరు. అప్ప పిల్లలు సెలవులకి వచ్చి, ఉన్న మామిడిపళ్లన్నీ తినేసి వెళ్లారు. ఎండలు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం కరెంటు పోతే ఎడిటింగ్ చేసే మిక్సింగ్ రూములో కూర్చోలేకపోతున్నాం.

నువ్వు పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి కొత్త సిస్టమ్ కొన్నావట కదా, రాజాం అత్త చెప్పింది. ఆవిడకి చిట్టిబాబు చెప్పాడట. సంతోషమే. ఫోన్ చేస్తే "రెండర్‌లో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అని మెసేజ్ పెట్టావు. ఆ రెండర్, అదే ఎడిట్ చేసిన వీడియో తయారవడం, ఏటో ఇంకా అవ్వలేదు కాబోలు. దాని సంగతి సరే. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకని కాగితం మీద రాస్తున్నాను. తెలిసినవైతే దాటేయ్.

మొదట నువ్వు వాడే అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ప్రీమియర్. పాత వెర్షన్లో చేసిన ప్రాజెక్టు కొత్తదాంట్లో తెరుచుకుంటుంది. తెరిచేటప్పుడు మార్చాలంటుంది, కొత్త పేరు అడుగుతుంది. ఆ కొత్త పేరుతోనే ఉండనీ, పాత ఫైలు మీద సేవ్ చెయ్యకు. ఒకసారి మారిన ప్రాజెక్టుని పాత వెర్షన్ మళ్లీ తెరవదు. డెలివరీ ఇవ్వాల్సిన పెళ్లిళ్లు సగంలో ఉంటే వాటిని పాత వెర్షన్లోనే పూర్తి చెయ్యి. కొత్తవి మాత్రమే కొత్తదాంట్లో మొదలుపెట్టు.

అడోబీ యాప్ క్రియేటివ్ క్లౌడ్‌లో అప్‌డేట్ నొక్కినప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని చిన్నగా ఉంటుంది, ఎవరూ తెరవరు. అందులో పాత వెర్షన్లు తీసెయ్యమనే దగ్గర టిక్ ముందే పెట్టి ఉంటుంది. అది తీసెయ్. రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదానికొకటి అడ్డం రావు. ఇంకో సంగతి. ఇప్పుడున్న వెర్షన్, దాని ముందుది, ఈ రెండే అడోబీ వాళ్లు ఇన్‌స్టాల్ చేసుకోనిస్తారు. నీ 2020 వెర్షన్ పాత సిస్టమ్‌లో ఉంటేనే ఉన్నట్టు. అది పోతే మళ్లీ దొరకదు. చిట్టిబాబు చెప్పింది నిజం కాకూడదని నేను అనుకుంటున్నది ఇందుకే. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి మిగతాది వాయిదాల మీద తీసుకున్నావని చెప్పాడట వాడు. వాడి మాటలు సగమే నిజమనుకో. ఆ సగం ఏదో నాకు తెలియాలి.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. సిస్టమ్ మార్చాలన్నా, డిస్కులు సర్దాలన్నా తీరుబడి అప్పుడే. జ్యేష్ఠంలో ఆల్బమ్‌లు ఇవ్వాల్సినవి పెట్టుకుని మధ్యలో ఈ పనేటి? కొత్తింట్లో పాలు పొంగకముందే పాతింటి తాళం ఇచ్చేసినట్టుంది. సరే, కొనేశావు కదా.

బొబ్బిలి బావ సంగతి నీకు పూర్తిగా తెలీదు, నువ్వు అప్పటికే హైదరాబాదు కృష్ణానగర్‌లో ఉన్నావు. మాఘంలో ముహూర్తాలు జోరుగా ఉండగా కొత్త సిస్టమ్ తెచ్చాడు. కొట్టువాడు పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ పెడితే రేటు తగ్గుతుందన్నాడు, ఈయన సరేనన్నాడు. ఎఫ్ ఉన్నవాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండవు. అవి లేకపోతే క్విక్ సింక్, అంటే వీడియో పనిని వేగంగా లాగే ఇంటెల్ సదుపాయం, ఉండదు. బావ వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ 8. దాంట్లో హెచ్.264 రకం వీడియో ఎక్స్‌పోర్ట్ వేగమంతా ఆ క్విక్ సింక్ మీదే ఉంది. అంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పక్కన ఊరికే కూర్చుంది, ప్రాసెసర్ ఒక్కటే రొప్పుతూ లాగింది. పాత డబ్బా కంటే కొత్తదే ఆలస్యం. అదొక ఎత్తు. పాతదాన్ని అదే కొట్టులో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చాడు, వాళ్లు ఆ సాయంత్రమే ఫార్మాట్ కొట్టేశారు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాతదాంట్లో డీయాక్టివేట్ చెయ్యలేదు, ఇక్కడ సీరియల్ నెంబరు కొడితే ఎక్కదు. మెయిల్స్ పెట్టుకుంటూ కూర్చున్నాడు. అది ఎక్కాక ప్రాజెక్టు తెరిస్తే ఒక్క క్లిప్పూ లేదు. పాతదాంట్లో ఫుటేజి ఉన్నది ఎఫ్ డ్రైవ్, కొత్తదాంట్లో ఎఫ్ అంటే కార్డ్ రీడరు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి డిస్కుకి మళ్లీ ఎఫ్ అని పెడితే చాలు, దారి అదే దొరుకుతుంది. ఆయన కంగారులో ఒక్కొక్క క్లిప్పూ చేత్తో వెతికి తగిలించాడు. కెమెరాలు రెండింటిలోనూ ఒకే పేరుతో ఫైళ్లున్నాయి, తాళి కట్టే దగ్గర భోజనాల బంతి వచ్చి కూర్చుంది. అన్నీ సర్దుకున్నాక టైటిల్ చూస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో బ్రాకెట్లు, ఒక డాలరు గుర్తు. పేర్లన్నీ అను ఫాంట్లలో, అంటే ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగే పాత ఫాంట్లలో, కొట్టినవి, ఆ ఫాంట్లు పాత సిస్టమ్ సి డ్రైవ్‌తో పాటే పోయాయి. పెళ్లికూతురి తండ్రి అరసవల్లి దర్శనానికి వచ్చినవాడు, పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్దామని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బావ మొహం అత్తనడుగు, చెబుతుంది.

నువ్వు ఎఫ్ లేనిదే తీసుకున్నావనుకుంటున్నాను. నీ కెమెరా రంగుల వివరాలు ఎక్కువ పట్టే 10 బిట్ 4:2:2 రికార్డు చేస్తుంది కాబట్టి నీకది మరీ ముఖ్యం. హెచ్.265 రకం వీడియోలో 4:2:2ని ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ 11వ తరం నుంచి సాఫీగా ఆడిస్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో 50 సిరీస్ వచ్చాకే ఆ పని మొదలైంది. 40 సిరీస్ కార్డు ఎంత పెద్దదైనా, అదొక్కటే ఉంటే టైమ్‌లైన్ తడబడుతుంది. కొన్నది అలాంటిదే అయితే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికపాటి నకలు ఫైళ్లు, చేసుకో, బాధపడకు. కార్డుకి ఎడిటింగ్ కోసం ఇచ్చే స్టూడియో డ్రైవర్ వెయ్యి, ఆటల కోసం ఇచ్చే గేమ్ రెడీ కాదు.

టైటిల్స్ సంగతి. అను ఫాంట్లు కావాలంటే వాటి ఇన్‌స్టాలరు, పాత సిస్టమ్ ఫాంట్ల ఫోల్డరు కాపీ చేసుకో. ఇకమీదట మాత్రం ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్లో కొట్టు. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు అనే పేర్లతోనే ఉచితంగా ఉన్నాయి, మన పక్క జిల్లా ఆయనా, మన జిల్లా ఆయనా. ప్రీమియర్లో టైటిల్ కొట్టకముందే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చు. కొత్త ఇన్‌స్టాల్‌లో అది మళ్లీ మొదటికి వస్తుంది. మార్చకపోతే "లక్ష్మి"లో వత్తులు కిందకి వెళ్లకుండా పక్కపక్కన నిలబడతాయి. పాత లెగసీ టైటిల్స్ కొత్త వెర్షన్లలో తీసేశారు. ఉన్నవాటిని గ్రాఫిక్స్‌గా మార్చుకుంటే అక్షరాల మధ్య దూరం, అంచు మందం కదలొచ్చు, ఒక్కొక్కటీ కళ్లతో చూడు. శుభలేఖ పక్కన పెట్టుకుని చూడు.

ఫుటేజి కాపీకి తొందరపడకు. 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 100 మెగాబిట్ల 4కె వీడియో అయితే, గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తీస్తే 540 జీబీ, ఒక్క పెళ్లికే. బయటి హార్డ్‌డిస్కుని నీలం యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చితే గంటన్నరలో దిగుతుంది. నల్ల యూఎస్‌బీ 2 దాంట్లో గుచ్చావంటే నాలుగు గంటలు పైమాటే. టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్లో వెరిఫై పెట్టి చెయ్యి, మామూలు కాపీ మధ్యలో తప్పినా చెప్పదు. ఫోల్డర్ల పేర్లు సర్దే బుద్ధి ఇప్పుడు పుట్టనివ్వకు, ఉన్నవి ఉన్నట్టు దించు. మీడియా క్యాష్, ప్రివ్యూ ఫైళ్లు తేవద్దు, కొత్తది తనే చేసుకుంటుంది. తేవాల్సినవి వేరే ఉన్నాయి. కీబోర్డ్ షార్ట్‌కట్ల ఫైలు డాక్యుమెంట్స్‌లో అడోబీ ఫోల్డర్లో ప్రొఫైల్ కింద ఉంటుంది. ఎఫెక్ట్ ప్రీసెట్లని ఎఫెక్ట్స్ ప్యానెల్లోనే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. ఇవి కాక రంగులు మార్చే నీ లట్‌లు, ప్లగిన్‌ల సీరియల్ నెంబర్లు. లట్‌ల మాటకొస్తే, కొత్త ప్రీమియర్లో లాగ్ ఫుటేజిని, అంటే రంగు వెలిసినట్టు తీసినదాన్ని, తనే గుర్తుపట్టి కలర్ మార్చే సెట్టింగు ఉంది. దాని మీద అలవాటుగా నీ లట్ కూడా వేశావంటే పెళ్లికొడుకు మొహం తెల్లగా పేలిపోతుంది. రెండింటిలో ఒకటే ఉంచు.

రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి దారి వేరే. ప్రాజెక్టులు విడిగా ఫైళ్లుగా ఉండవు, లైబ్రరీలో ఉంటాయి. కొత్త వెర్షన్ తెరవగానే లైబ్రరీని అప్‌గ్రేడ్ చెయ్యమంటావా అంటుంది. అవునన్నావంటే పాత వెర్షన్ దాన్నిక చూడలేదు. అందుకని ముందు పాతదాంట్లో లైబ్రరీ బ్యాకప్ తీసి, ముఖ్యమైనవి డీఆర్‌పీ అనే ప్రాజెక్టు ఫైలుగా కూడా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టు. డీఆర్‌పీలో ఫుటేజి రాదు, ఎడిటింగ్ ఒక్కటే వస్తుంది. ఫుటేజితో కలిపి కావాలంటే ఆర్కైవ్ చెయ్యాలి.

నెలనెలా అడోబీకి కట్టడం, మీద వాయిదాలు కట్టడం కష్టంగా ఉంటే చెప్పు. రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ మన పెళ్లి పనులకి చాలావరకు సరిపోతుంది, 4కె 60 ఫ్రేముల దాకా ఇస్తుంది. నాయిజ్ తగ్గించేలాంటివి కావాలంటేనే స్టూడియో అనే డబ్బు వెర్షన్, 295 డాలర్లు ఒక్కసారి కడితే చాలు, ఆ కీ రెండు కంప్యూటర్లకి పనిచేస్తుంది. క్రాక్ చేసిన దొంగ సాఫ్ట్‌వేర్ మాత్రం వెయ్యకు. దాంతో పాటు వచ్చే రాన్సమ్‌వేర్ వైరస్, గుచ్చి ఉన్న బయటి డిస్కులతో సహా అన్నిటికీ తాళం వేస్తుంది. ఇంకొకరి ఇంట్లో పెళ్లి మన దగ్గర ఉందని గుర్తుపెట్టుకోవాలి. వాయిదా ఎంత, ఎన్ని నెలలు? నాన్నకి చెప్పను. చెప్పినా ఆయన ఏమీ అనరు, మోకాలు పట్టుకుని మేడెక్కి కూర్చుంటారు అంతే.

పాతది ఇంకా నీ దగ్గరే ఉంటే ఇలా చెయ్యి. డెలివరీ అయిపోయిన పెళ్లి ఒకటి తీసుకుని కొత్తదాంట్లో తెరువు. రెండు నిమిషాల ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి అప్పట్లో ఇచ్చినదాని పక్కన పెట్టి చూడు. మంత్రాల దగ్గర పెదవులు, మాట కలుస్తున్నాయా, చీర రంగు అదేనా, పేర్లు సరిగ్గా ఉన్నాయా చూసుకో. అన్నీ కుదిరి, పెండింగ్‌లో ఉన్నవాళ్లందరికీ ఇచ్చేశాకే పాతదాంట్లో అడోబీ నుంచి సైన్ అవుట్ అవ్వు. ఆ అకౌంటు రెండింటిలోనే నడుస్తుంది. అప్పుడు కూడా అమ్మకు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేశారు కాబట్టి నెట్ వైరు పీకేసి మూల పెట్టు. పాత ప్రాజెక్టు ఎవరైనా మళ్లీ అడిగితే పనికొస్తుంది. ఇచ్చేసే ఉంటే, ఆ కొట్టువాడికి బేగి ఫోన్ చేసి ఫార్మాట్ చేశాడో లేదో కనుక్కో. డిస్కు ఒక్కటైనా వెనక్కి ఇమ్మను, డబ్బు ఇద్దాం.

ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తున్నాను. చోడి పిండి, పలాస జీడిపప్పు, కొత్తావకాయ ఉన్నాయి. సీసా మూత చుట్టూ టేపు వేశాను, నిలువుగా పట్టుకుని తెచ్చుకో. ఉదయం ఖాళీ కడుపుతో టీలు తాగి కూర్చోకు, చోడి అంబలి కాచుకోవడానికి పది నిమిషాలు పట్టదు. ఇంకో మాట, నీ దగ్గరున్న ఆ 600 వీఏ యూపీఎస్ కొత్తదానికి చాలదు. అది సుమారు 360 వాట్లే ఇస్తుంది, గ్రాఫిక్స్ కార్డు లోడు తీసుకుందంటే కీచుమని ఆగిపోతుంది. 1100 వీఏ తీసుకో, బ్యాటరీ వారంటీ కార్డు మీద తేదీ వేయించుకో. డబ్బు అప్ప పంపుతుంది, దానితో మాట్లాడాను.

అమ్మ