ఎన్, పీ కనబడగానే ద్విపదం కాదు

సంపాదకుల వారికి,

ఇన్ని యత్నాల్లో అనుకున్నది ఎన్నిసార్లు జరగడానికి ఎంత అవకాశమో చెప్పేది ద్విపద విభాజనం. ఇంటర్ గణితంలో దాని లెక్క రాగానే పిల్లలు ఎన్ (యత్నాల సంఖ్య) ఎంత, పీ (ఒక్కో యత్నంలో అనుకున్నది జరిగే సంభావ్యత) ఎంత అని వెతికి సూత్రంలో వేసేస్తున్నారు. మార్కులొస్తాయి కూడా. అసలు ఆ లెక్కలోని చలరాశికి, అంటే మనం లెక్కపెట్టే సంఖ్యకు, ద్విపదం నప్పుతుందా అని అడిగేవారే తక్కువ.

యత్నాల సంఖ్య ముందే ఖాయమై ఉండాలి, ఒక్కోదానికి రెండే ఫలితాలుండాలి. ఇవి చూడగానే తెలుస్తాయి. ఆరు పడేదాకా పాచికను ఎన్నిసార్లు వేశామన్నది ద్విపదం కాదు, అక్కడ ఎన్ ఖాయం కాదు గనుక. చిక్కంతా మిగతా రెండు షరతులతోనే: పీ అన్ని యత్నాలకూ ఒకటే కావాలి, ఒక యత్నం ఫలితం మరోదాన్ని తాకకూడదు.

వరి విత్తనాల మొలక పరీక్షనే తీసుకోండి. 400 గింజలు, వందేసి చొప్పున నాలుగు భాగాలు. ధ్రువీకరణకు కనీసం 80 శాతం మొలవాలి. పీ 0.8 అయితే వందకు సగటు 80, విస్తృతి 100×0.8×0.2 = 16, దాని వర్గమూలం, అంటే ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే ప్రామాణిక విచలనం, 4. నాలుగు భాగాలూ దాదాపు సగటుకు అటూ ఇటూ రెండు విచలనాల లోపు, అంటే 72, 88 మధ్యే పడాలి. ఒకదాంట్లో 60, ఇంకోదాంట్లో 94 మొలిచాయంటే ద్విపదం చెడినట్టే. ఒక గింజ బూజు పక్క గింజలకు పాకి ఉండొచ్చు, అప్పుడు స్వతంత్రత పోయింది. ఒక కాగితం తడారి ఆ వంద గింజలకే పీ తగ్గి ఉండొచ్చు. లేదా ఒక్కో వందనూ ఒక్కో బస్తాలోంచి తీసి ఉంటారు. బస్తాల నమూనాలను బాగా కలిపాకే గింజలు లెక్కపెట్టాలనేది అందుకే. సగటు ఒక్కటే చూస్తే ఇదేదీ బయటపడదు.

పెట్టెలో 20 మామిడిపండ్లు, అందులో 5 కుళ్లినవి. తిరిగి వేయకుండా నాలుగు తీస్తే అన్నీ మంచివే రావడానికి సంభావ్యత 0.28. ద్విపదం 0.32 అంటుంది. ముందు వచ్చిన పండును బట్టి తర్వాతి అవకాశం మారుతోంది మరి. లారీ లోడులోంచి నాలుగే తీస్తే తేడా కనబడదు. నమూనా మొత్తంలో పదో వంతు దాటనంతవరకు ద్విపదంతో సరిపెట్టుకోవచ్చు.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు, నాలుగేసి ఐచ్ఛికాలు. అన్నీ గుడ్డిగా పెడితే సగటు 40 మార్కులు. తొంభై తెలిసి రాస్తే మాత్రం ద్విపదం మిగిలిన డెబ్బైకే, సగటు 17.5. రెండేసి ఐచ్ఛికాలు కొట్టేసి పెట్టిన ప్రశ్నలకు పీ సగం, కాబట్టి వాటినీ విడిగానే లెక్కించాలి.

పరీక్షలో ఒక్క రెండు మార్కుల ప్రశ్నయినా లెక్క లేకుండా, 'ఇక్కడ ద్విపదం వర్తిస్తుందా, ఎందుకు?' అని అడగాలని మా మనవి.

– కొందరు గణిత అధ్యాపకులు, కరీంనగర్