కొర్రలు పండిస్తున్నాం, తినేది మాత్రం రేషన్ బియ్యం: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పౌర సరఫరాల శాఖ మంత్రి గారికి,

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒక మహిళా రైతు నమస్కరించి రాస్తున్న లేఖ.

నిరుడు ఎకరంన్నరలో కొర్ర వేశాను. మా జిల్లాలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వేరుశనగ వాడిపోయిన అదే వానకు కొర్ర నిలబడి, మూడు నెలల్లో చేతికొచ్చింది. బోరు నీళ్లు చుక్క కూడా పెట్టలేదు.

కష్టమంతా పండిన తర్వాతే. కొర్రలకు పొట్టు తీయందే వండుకోలేం. మా ఊళ్లో ఉన్నది పిండి మర. పొట్టు తీసే మిషన్ కావాలంటే బస్తాలు ఆటోకెత్తుకొని దూరం పోవాలి. బాడుగ, కూలి లెక్కేస్తే ఏమీ మిగలదు. ఇంటి ముందుకొచ్చిన దళారికి అతను చెప్పిన ధరకే ఇచ్చేశాను. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర లేదు. బేరమాడడానికి నా దగ్గర ఏముంది?

మా అత్త రోట్లో దంచి కొర్రన్నం వండేది. ఆ చాకిరీ మళ్లీ ఆడవాళ్ల నెత్తిన వేయమని నేను అడగను. మిషన్ అడుగుతున్నాను.

మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. రక్తం తక్కువుందన్నారు, అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం. కొర్రలు తింటే చాలు, ఇది పోతుందని నేను చెప్పను. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాత్రలు అన్నీ కావాలి. కానీ మూడు పూటలా తెల్లన్నమే తినే కంచంలో కొర్ర, రాగి తిరిగి చేరితే పీచు, కాల్షియం కొంతైనా అందుతాయి కదా.

2030 నాటికి ఆకలి, పోషకాహార లోపం లేకుండా చేస్తామని 2015లో ప్రపంచ దేశాలు మాటిచ్చాయి. మన దేశం అడగబట్టే 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమల పక్కనే జొన్న, సజ్జ, రాగి లాంటి ముతక ధాన్యాల పేరూ ఉంది.

మండలానికొక పొట్టు తీసే మిషన్ పెట్టించి, మహిళా సంఘాలకు అప్పగించండి. కొర్రకు రాష్ట్రం తరఫున ధర కట్టి, ఈ జిల్లాలోనే కొని, ఈ జిల్లా రేషన్ షాపులకు, అంగన్‌వాడీలకు ఇవ్వండి. నెలకు ఇంటికి రెండు కిలోలతో మొదలుపెట్టినా చాలు. ఆ ధర ఏదో విత్తనం వేయకముందే, జూన్ లోపు చెప్పండి. కోతయ్యాక చెబితే అది దళారికే పనికొస్తుంది.

ఇట్లు,
ఒక కొర్ర రైతు,
అనంతపురం జిల్లా