మన జింకలు లెక్కలోకి రావటరా!

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎన్ని తిట్టినా పడతాను. ఇంట్లో అందరం కులాసా. మీ చెల్లెమ్మకి ఆఫీసు మారింది, నాకు నడుం పట్టేసింది (ఎందుకో చెప్తా). అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

ఆస్టిన్‌కి పడమర హిల్ కంట్రీలో రాళ్లదిబ్బ కొన్నాను కదా, నువ్వు 'జమీందారు గారు' అని వెక్కిరించావే, అదే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయప్పన్ను లేదని మురిసిపోతాం గానీ ఆ కసంతా ఆస్తిపన్నులో తీర్చుకుంటారు. పాత ఆసామి ఆవుల్ని మేపేవాడు కాబట్టి మార్కెట్ ధర మీద కాక, నేల ఇచ్చే రాబడిని బట్టి పన్ను వేసేవాళ్లు. నేనేమో ఆవుల్ని కాయలేను. మీ గేదె నన్ను చెరువుగట్టు దాకా తరిమిన సంగతి నీకు తప్ప ఎవరికీ తెలీదు, తెలియనివ్వకు!

ఇక్కడో దారి ఉందిరా. 1995లో జనం ఓటేసి రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకున్నారు: ఈ నేలకి చెందిన అడవి జీవాల్ని సాకినా వ్యవసాయం కిందే లెక్క. పన్ను ఇంకా తగ్గిపోదు, ఆవులున్నప్పుడు ఎంతో అంతే. ముందటేడు ఆ భూమి వ్యవసాయ పద్దులో ఉండాలి, చెప్పిన ఏడు రకాల పనుల్లో కనీసం మూడు చేయాలి. ఏప్రిల్ 30లోపు అప్లికేషనూ ప్లానూ ఇచ్చేశాను. నీళ్ల తొట్టి పెట్టాను, పిట్టలు పడినా పైకెక్కడానికి అందులో రాళ్ల మెట్లు కూడా. కౌబర్డ్ అని ఒక పిట్ట ఉంది, మన కోకిలలాగే పరాయి గూట్లో గుడ్లు పెట్టిపోతుంది. దాన్ని పట్టడమూ ఒక పనేనట! సెడార్ చెట్లు కొట్టాలి, అయితే మార్చి నుంచి ఆగస్టు దాకా ముట్టుకోకూడదు, పిట్టలు గూళ్లు కట్టే కాలం. ముసలి చెట్లయితే ఎప్పుడూ ముట్టుకోకూడదు, వాటి బెరడు పీచుతోనే గూడు అల్లుకునే బంగారు బుగ్గల పిట్ట ఒకటుంది, టెక్సాస్ నడిమి భాగంలో తప్ప ఎక్కడా పిల్లల్ని చెయ్యదు. సెప్టెంబరు రాగానే గొడ్డలి పట్టా, నడుం పోయింది.

ఇక విను. జింకల లెక్క కూడా తీయాలి, రాత్రి ట్రక్కులో స్పాట్‌లైట్ వేసుకుని. పక్క పొలం తాత డ్రైవింగు, మా అమ్మాయి చేతిలో నోటుపుస్తకం. మలుపులో గుంపుగా నిలబడ్డాయిరా, ఒంటినిండా తెల్లచుక్కలు! అమ్మాయి గబగబా రాసేస్తుంటే తాత, "అవి రాయకు తల్లీ, ఈ నేలవి కావు" అన్నాడు. ఇక్కడి తెల్లతోక జింకలకి చుక్కలు పిల్లప్పుడే, వీటికి జన్మంతా. మన చుక్కల దుప్పులే! 1930ల్లో వేట సరదాకి తెచ్చి వదిలారట. నాటు జింకల మేత తినేస్తున్నాయని వీటి వేటకి సీజనూ లేదు, పరిమితీ లేదు. అవతలి పశువుల రాంచ్‌లో కృష్ణజింకలు కూడా ఉన్నాయి, దక్షిణాన మనుబోతులు. ఆలోచించు, తెలంగాణ రాష్ట్ర జంతువూ, ఆంధ్రా రాష్ట్ర జంతువూ రెండూ ఇక్కడ పన్నుకి పనికిరావు! నాకు నవ్వొచ్చింది, కాసేపటికి ఎందుకో ఉక్రోషం కూడా వచ్చింది. తొంభై ఏళ్లుగా ఇక్కడే పుట్టి పెరుగుతున్నాయి కదరా, ఇంకా... సర్లే. తాత చెప్పింది న్యాయమే, తొట్టి దగ్గర నాటు జింకల్ని అవి నిజంగానే తోసేస్తున్నాయి, చూశాను.

ఈ మాట మన రాజుగాడికి చెప్పకు, వీసా జోకులు మొదలెడతాడు. అన్నట్టు నీ స్థలం కేసు ఏమైంది? తాత హారన్ కొడుతున్నాడు, ఇవాళ కూడా సెడారే, వెళ్లాలి.