డ్యూటీ గదిలో గొడవలన్నీ భాష మీదికి నెట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌ని. మీ పత్రికలో ఉద్యోగాల పేజీ వదలకుండా చదువుతాను. బయోడేటా ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఏం మాట్లాడాలి అని బాగానే చెబుతారు. ఉద్యోగం వచ్చాక పక్క కుర్చీలో కూర్చున్న మనిషితో రోజూ ఎలా పనిచేయాలో మాత్రం ఎవరూ రాయడం లేదు. మా సరిహద్దు ఊళ్లలో ఆ సంగతి ఇంకా ముఖ్యం. అందుకే ఈ ఉత్తరం.

మా వార్డులో తెలుగు, ఒడియా, కోంధు గిరిజనులు మాట్లాడే కువి, కాస్త హిందీ అన్నీ వినిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడక ముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఆ పాత లెక్కలు ఇప్పటికీ కొందరి నోట వస్తుంటాయి. అందుకే ఇక్కడ ఇద్దరు ఉద్యోగులకు పడలేదంటే చాలు, ‘వాళ్లు తెలుగువాళ్లా, ఒడియావాళ్లా?’ అని అడుగుతారు. అది తెలిశాక ఇంకేమీ అడగరు. కారణం దొరికిపోయిందనుకుంటారు. ఇద్దరూ తెలుగువాళ్లే అయితే ‘ఆమెకు ఈగో’ అని తేల్చేస్తారు. ఇలా తేల్చేయడం వల్ల మంచి సిస్టర్లు ఉద్యోగం మానేసి విశాఖ వెళ్లిపోవడం చూశాను. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ఒకసారి భువనేశ్వర్ నుంచి వచ్చిన ట్రైనర్ మాకు ఫైరో-బి అనే ప్రశ్నావళి ఇచ్చారు. దీని వెనుక ఉన్న సిద్ధాంతాన్ని అమెరికా మనస్తత్వవేత్త విల్ షుట్జ్ 1958లో ప్రకటించారు. కొరియా యుద్ధం రోజుల్లో ఆయన అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పనిచేశారు. యుద్ధనౌకలో నలుమూలల సమాచారం వచ్చి చేరే గది ఒకటి ఉంటుంది. అందులో ఎలాంటి మనుషులను కలిపి కూర్చోబెడితే జట్టు సరిగా నడుస్తుందన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. రాత్రిపూట ఐసీయూలో డ్యూటీ చేసినవాళ్లకు ఆ ప్రశ్న విలువ వెంటనే తెలుస్తుంది. పని వచ్చినవాళ్లే నలుగురు ఉంటారు, అయినా కొన్ని రాత్రులు పని ముందుకు సాగదు.

షుట్జ్ చెప్పింది ఇది. తోటి మనుషుల దగ్గర మనకు మూడు అవసరాలు ఉంటాయి. నలుగురిలో కలవడం ఒకటి, పెత్తనం ఒకటి, ఆప్యాయత ఒకటి. ప్రతిదాంట్లోనూ మనం బయటికి చూపేది వేరు, ఎదుటివాళ్ల నుంచి కోరుకునేది వేరు. అలా మొత్తం ఆరు. ప్రశ్నలు 54. ఈ ఆరింటికీ విడివిడిగా 0 నుంచి 9 వరకు అంకె వస్తుంది. ఎక్కువ వస్తే గొప్ప, తక్కువ వస్తే లోపం అని ఏమీ లేదు.

చూపేదానికీ కోరేదానికీ మధ్య దూరం ఉంటుందన్న మాటే నన్ను ఆలోచనలో పడేసింది. మన పెళ్లిళ్లలో చూడండి. బొట్టు పెట్టి పిలిస్తేనే వెళ్లే పెద్దవాళ్లు ఉంటారు. పిలవకపోతే అడగరు, కానీ ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. వాళ్లకు రావాలని లేదని ఎవరైనా అనగలరా? ఆసుపత్రిలోనూ అలాంటివాళ్లు ఉంటారు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఎవరికి పిలుపు కావాలో చెప్పే చుట్టరికం ఏదీ లేదు.

మా దగ్గర చేరిన ఒక అమ్మాయి బిస్సంకటక్ వైపు కోంధు కుటుంబం నుంచి వచ్చింది. పనిలో చురుకు. భోజనం టైములో తెలుగు సిస్టర్లు ఒక పక్క, ఒడియా సిస్టర్లు ఒక పక్క కూర్చుంటే ఈ అమ్మాయి స్టోర్ రూము దగ్గర ఒక్కతే తినేది. సిగ్గని కొందరు, కలవదని కొందరు అనేవారు. ప్రశ్నావళి తర్వాత తన కాగితాన్ని తనే తెచ్చి నాకు చూపించింది. నలుగురిలో కలవడంలో చూపేది 1, కోరేది 8. వార్డు వాట్సాప్ గ్రూపులో మెసేజులన్నీ తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో వస్తున్నాయి. తనకు తెలుగు చదవడం రాదు, ఒడియా చదవగలదు గానీ నెమ్మదిగా. డ్యూటీ మారిన సంగతి కూడా చాలాసార్లు తనకు ఆలస్యంగా తెలిసేది. ఇప్పుడు గ్రూపులో ముఖ్యమైనవన్నీ వాయిస్ మెసేజుగా పెడుతున్నాం. పొద్దున రౌండులో డాక్టరుగారికి తన బెడ్‌ల వివరం తననే చెప్పమంటున్నాం. భోజనానికి పక్కన కూర్చున్న సిస్టరు తనను పేరు పెట్టి పిలుస్తుంది. పెద్ద పనేం కాదు. అయినా ఆ అమ్మాయి ఇప్పుడు మాట్లాడే తీరు వేరు.

ఇంకో ఇద్దరి సంగతి. బ్రహ్మపూర్ నుంచి వచ్చిన సీనియర్ సిస్టరు, పార్వతీపురం దగ్గరి నుంచి వచ్చిన జూనియర్. రాత్రి 8 గంటలకు డ్యూటీ అప్పగించేటప్పుడు సీనియర్ ఒక్కో బెడ్ దగ్గర నిలబడి, డ్రిప్ ఎన్ని చుక్కలు, యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు అని మొత్తం చెప్పేవారు. కేస్ షీటులో రాసి ఉన్నదే మళ్లీ చెప్పేవారు. జూనియర్ ముఖం మాడ్చుకునేది. ‘తెలుగువాళ్లకు పని రాదనుకుంటోంది’ అని నాతో అనేసింది కూడా. సీనియర్ ఏమో ‘వీళ్లకు మాట వినే అలవాటు లేదు’ అనేవారు. ఇద్దరూ ఒప్పుకున్నాక వాళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాం. సీనియర్ పెత్తనం చూపే దగ్గర 8. ఆప్యాయత కోరే దగ్గర కూడా దాదాపు అంతే. జూనియర్‌కు తన మీద ఇంకొకరి పెత్తనం కోరుకునే దగ్గర 0. తనతో పని చేయించేవాళ్లు ఎవరైనా సరే, తెలుగువాళ్లయినా సరే, ఆ పిల్లకు ఊపిరాడదు. ఆ మాట తనే గట్టిగా పైకి అంది. వాళ్ల నాన్నతో కూడా అంతేనట. సీనియర్ అయితే చాలాసేపు మౌనంగా ఉండి, ‘నేను అంత వివరంగా చెప్పేది వాళ్లకు రాత్రి ఇబ్బంది రాకూడదని’ అన్నారు. తన లెక్కలో అది ప్రేమ. అవతలికి పెత్తనంగా అందుతోంది.

ఆ తర్వాత ఎమర్జెన్సీ ట్రాలీ బాధ్యత మొత్తం జూనియర్‌కు ఇచ్చాం. మందుల తేదీలు చూడటం, లెక్క రాయడం తనదే, మధ్యలో ఎవరూ వేలు పెట్టరు. రాత్రి అప్పగింత కోసం ఒక కాగితం తయారుచేశాం. అందులో లేనిదే నోటితో చెప్పాలి. వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులేమీ కాలేదు. రాత్రి డ్యూటీ ప్రశాంతంగా నడుస్తోంది, మాకు కావలసింది అదే.

అందరికీ ఇది కుదిరిందని చెప్పను. ఒక ఆయమ్మ ఎవరితోనూ పొసగక వెళ్లిపోయింది. ఆమెకు కావలసింది జీతం పెంచడం, ఏ ప్రశ్నావళీ దాన్ని తీర్చదు. పని భారం, తక్కువ జీతం, వరసగా నైట్ డ్యూటీలు వీటి గురించి మాట్లాడకుండా ‘మీ స్వభావం తెలుసుకోండి’ అని సిబ్బందికి చెప్పే యాజమాన్యాలంటే నాకు కోపమే.

నా కాగితం గురించి కూడా చెబుతాను. నలుగురినీ కలుపుకుపోవడం నాకు బాగానే వస్తుంది, అంకె కూడా అదే చెప్పింది. నిర్ణయాలు తీసుకునే దగ్గర కూడా వెనక్కి తగ్గను. ఆప్యాయతలో మాత్రం చూపేది 2, కోరేది 7. ఇన్‌చార్జి కుర్చీలో కూర్చున్నాక అందరూ పని గురించే మాట్లాడతారు, ‘అక్కా, తిన్నావా?’ అని అడిగేవాళ్లు తగ్గుతారు. సాయంత్రం ఇంటికి వెళ్లాక కారణం లేకుండా దిగులుగా ఎందుకుంటుందో ఆ అంకె చూశాక అర్థమైంది. ఇప్పుడు డ్యూటీ దిగేముందు కాసేపు ఒకరిద్దరు సిస్టర్లతో పిల్లల కబుర్లు మాట్లాడి వెళ్తాను. నాకు అది అవసరం అని నాకు తెలుసు.

షుట్జ్ ఇంకో మాట కూడా చెప్పారు. కొత్తగా కలిసిన జట్టులో మొదట ‘నేను వీళ్లలో ఉన్నానా, లేనా?’ అన్న ప్రశ్న వస్తుందట, ఆ తర్వాత ‘ఇక్కడ ఎవరి మాట చెల్లుతుంది?’ అన్నది, దగ్గరితనం ఆ తర్వాతట. మా లాంటి చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో సిస్టర్లు తరచుగా మారిపోతుంటారు. ఒకరు వెళ్లి ఒకరు వచ్చిన ప్రతిసారీ ఇది మొదటికి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మందుల గది చూపించినట్టే, ఎవరితో ఏం మాట్లాడాలో చెప్పి, మొదటి వారం ఎవరో ఒకరు తోడుండాలి. మేం పెద్దగా ఖర్చు లేకుండా చేస్తున్నదే ఇది.

ఈ ప్రశ్నావళితో ప్రమాదం కూడా ఉంది. నాకు తెలిసిన సిస్టరు ఒకామె వేరే ఊరి ఆసుపత్రిలో పనిచేస్తోంది. అక్కడ మీటింగులో అందరి అంకెలూ పైకి చదివారట. ఒకామెను ఆ రోజు నుంచి ‘పెత్తనం 9’ అని పిలవడం మొదలుపెట్టారు. ఇది ఘోరం. ఆ అంకెలు మనిషి మీద వేసే ముద్ర కాదు. మన గురించి మనం ఇచ్చుకున్న జవాబులే అవి, పనీ పరిస్థితీ మారితే మన జవాబులూ మారొచ్చు. పైగా మాకిచ్చిన ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. సగం మంది సిస్టర్లు పక్కవాళ్లను అడిగి టిక్కు పెట్టారు. నేనూ ఇంకొకరూ కలిసి ప్రశ్నలన్నీ తెలుగులో, ఒడియాలో నోటితో చెప్పి మళ్లీ రాయించాం. కొందరి అంకెలు పూర్తిగా మారిపోయాయి.

కాబట్టి సంపాదకులకు ఒక విన్నపం. ఈ విషయం మీద ఉద్యోగాల పేజీలో తేలిక తెలుగులో వ్యాసాలు వేయండి. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో మీ పత్రిక చదివేవాళ్లలో బ్యాంకుల్లో, స్కూళ్లలో, ఫ్యాక్టరీల్లో మూడు నాలుగు భాషలవాళ్లతో కలిసి పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆసుపత్రులు, ఆఫీసులు నడిపేవాళ్లకు కూడా మీ పత్రిక ద్వారా చెబుతున్నాను. ఇలాంటి ట్రైనింగ్ పెడితే సిబ్బంది మాట్లాడే భాషలో పెట్టండి. చేరాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికి వదలండి. ఉద్యోగం ఇవ్వడానికీ, ప్రమోషన్ ఆపడానికీ దీన్ని వాడకండి. ఫలితం కాగితం ఆ ఉద్యోగి చేతికే ఇవ్వండి, హెచ్‌ఆర్ ఫైల్లో దాని కాపీ ఉండకూడదు.

ఇట్లు,
ఒక వార్డు ఇన్‌చార్జి సిస్టర్,
రాయగడ, ఒడిశా