వీధి కొలత అంచుల నుంచి మొదలుకావాలి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో ఏ వీధిని కొత్తగా వేసినా, ఉన్నదాన్ని వెడల్పు చేసినా వాహనాలకు ఎన్ని వరుసలు కావాలన్నదే ముందు తేలుస్తారు. అది పోగా మిగిలిన జాగా కాలిబాట అవుతుంది. ఈ పద్ధతి తిరగబడాలని, కొలత అంచుల నుంచి మొదలై నడిమికి రావాలని నా విన్నపం.

కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ పెట్టె, సూచిక బోర్డు, చెట్టు అన్నీ ఆ మిగిలిన జాగాలోనే సర్దుకోవాల్సి వస్తోంది. ఇవేవీ అనవసరమైనవి కావు. వాటికంటూ చోటు కేటాయించకపోవడమే తప్పు. మీటరున్నర కాలిబాట నడుమ ఒక స్తంభం పాతితే దానికి అటూ ఇటూ అరమీటరుకు కాస్త మించి మిగలదు. చక్రాల కుర్చీ అందులో పట్టదు, బిడ్డను చంకనెత్తుకుని సంచి మోస్తున్న తల్లి రోడ్డు మీదికి దిగక తప్పదు. అయినా కాగితాల్లో అక్కడ కాలిబాట ఉన్నట్టే లెక్క.

స్థలం చాలదంటారు. కానీ 1859లో స్పెయిన్‌లోని బార్సిలోనా నగర విస్తరణకు ఇంజినీరు ఇల్దెఫాన్స్ సెర్దా వేసిన ప్రణాళికలో మామూలు వీధి వెడల్పు 20 మీటర్లు. అందులో 10 మీటర్లు బండ్లకు వదిలి, ఇరువైపులా ఐదేసి మీటర్లు నడిచేవారికి ఇచ్చారు. కూడళ్లలో భవనాల మూలలను ఏటవాలుగా కత్తిరించడం వల్ల మలుపు తిరిగే బండికి ఎదురు వచ్చేది ముందే కనబడేది. నేటి కూడళ్లలో కాలిబాట అంచును పెద్ద వంపుగా తిప్పడంతో వాహనం వేగం తగ్గించకుండానే మళ్లుతోంది, పాదచారి దాటాల్సిన దూరమూ పెరుగుతోంది. నడిచేవారూ వాహనాలూ కలిసే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సదస్సు ప్రకటన కోరింది. బోర్డు పెట్టినంత మాత్రాన అది అమలు కాదు, మలుపు గీసిన తీరే వేగాన్ని నిర్ణయిస్తుంది.

దాటే చోటు దూరంగా ఉన్న వీధిలో డివైడర్ ఎక్కి దూకేవారిని క్రమశిక్షణ లేనివారని నిందించడం కూడా అన్యాయం. అరకిలోమీటరు చుట్టు తిరగమని వృద్ధులకు ఎలా చెప్పగలం?

కాబట్టి పనులు మొదలుపెట్టే ముందే ప్రతి స్తంభం, ప్రతి మురుగు కాలువ మూత, దాటే ప్రతి చోటు కొలతలతో సహా చూపే వీధి నమూనాను ప్రజల ముందు ఉంచాలని, కాలిబాటకూ రోడ్డుకూ మధ్య స్తంభాలకు, చెట్లకు విడిగా ఒక పట్టీ కేటాయించాలని నగరపాలకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు