‘ప్రమాదం’ అని రాస్తే చాలదు, మడుగులో లోతెక్కడో చెప్పాలి

సంపాదకులకు,

వానలు తగ్గి వాగులు తేటపడగానే రాజమహేంద్రవరం, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి జనం తూర్పు కనుమల్లోని మారేడుమిల్లి దారి పడతారు. ‘ఎవరికీ తెలియని మడుగు’ అంటూ పత్రికల్లో, ఫోన్లలో ఫొటోలు వస్తాయి. ఎలా చేరాలో, బండి ఎక్కడ ఆపాలో, భోజనం ఎక్కడ దొరుకుతుందో అన్నీ రాస్తారు. నీళ్లలోకి ఏ వైపు నుంచి దిగాలో, ఏ వైపు పోకూడదో మాత్రం రాయరు. ఒడ్డున బోర్డు ఉన్నా దానిమీద ‘ప్రమాదం, స్నానాలు నిషేధం’ అన్న ముక్కే ఉంటుంది. అది చూసి వెనుదిరిగేవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు ఏమీ తెలియకుండానే దిగుతారు. వాగు దగ్గరికి వెళ్లొద్దని మేం చెప్పం. కొండ మీది నుంచి పారే చల్లని నీళ్లలో ఈదడంలో ఉన్న హాయి క్లోరిన్ వేసిన కొలనులో రాదు. పిల్లలకు ఆ హాయి తెలియాలి, వాగును చూసి అంచనా వేయడమూ తెలియాలి. ఈత నేర్పేవాళ్లుగా మాకు తెలిసిన సంగతులు రాస్తున్నాం. వీలైతే పూర్తిగా ప్రచురించండి.

ముందు కాలం సంగతి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండవాగును ఒడ్డున నిలబడి చూడాల్సిందే. అసలు చిక్కు కార్తీకంలో వస్తుంది. నీళ్లు తేటగా ఉంటాయి, బస్సులు మాట్లాడుకుని వనభోజనాలకు వస్తారు, వానాకాలం అయిపోయిందనే ధీమా ఉంటుంది. కానీ అక్టోబరు, నవంబరు నెలలే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. అల్పపీడనం కబురు వచ్చిందంటే, వాన వెలిసి నీళ్లు మళ్లీ తేటపడేదాకా పాములేరు, సోకులేరు లాంటి వాగుల్లో దిగే ఆలోచన మానుకోవాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పారుదల నెమ్మదించి ఈతకు అనువుగా ఉంటుంది, కాకపోతే మన్యం చలి. ఆ నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఒంటికి తెలియకుండానే నోరు తెరిచి గాలి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల మునిగి ఉంటే లోపలికి పోయేది నీళ్లే. ముందు కాళ్లు, చేతులు, తర్వాత మొహం, మెడ, ఛాతీ తడుపుకుని, ఊపిరి కుదురుకున్నాక దిగాలి.

వాగు వంపు తిరిగే చోట తరచుగా మడుగు కడుతుంది. వంపుకు బయటి వైపు నీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోతాయి. లోతు అక్కడే. రాతి గట్టయితే నీటి మట్టం కింద బండ తొలుచుకుపోయి, పైభాగం ఇంటి చూరులా ముందుకొచ్చి ఉంటుంది. పైనుంచి చూస్తే అక్కడ నీళ్లు నల్లగా, కదలిక లేనట్టు కనిపిస్తాయి. ప్రవాహం మనిషిని దాని కిందికి నెడితే, పైకి తేలబోయిన తల బండకే తగులుతుంది. వంపుకు లోపలి వైపు ఇసుక, గులకరాళ్లు మేట వేసి లోతు కొద్దికొద్దిగా పెరుగుతుంది. దిగాల్సింది అటునుంచే, పిల్లలు ఆడాల్సిందీ అక్కడే.

అందరూ మడుగు వైపే చూస్తారు గాని, నీళ్లు మడుగు దాటి ఎక్కడికి పోతున్నాయో చూడరు. అదే ముందు చూడాలి. దిగువన మోకాటి లోతున గులకరాళ్ల మీద నెమ్మదిగా పరుచుకుని పారుతుంటే, జారినవాడు అక్కడ నిలదొక్కుకోగలడు. రెండు బండల సందులో దూరిపోతున్నా, కింద నీళ్లు బండల మీద నుంచి ఉరికే జారుడు ఉన్నా, వాగుకు అడ్డంగా చెట్టు పడి ఉన్నా ఆ మడుగు ఎంత అందంగా ఉన్నా ఈతకు పనికిరాదు. చెట్టు కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. వెనక నుంచి ప్రవాహం అక్కడే అదిమిపెడుతుంది.

కొండవాగుల్లో రాతిలో గుండ్రంగా తొలిచిన గుండాలుంటాయి. వరదకు రాళ్లు ఒకేచోట తిరిగి తిరిగి తొలిచినవి. మూడు నాలుగు అడుగుల వెడల్పే ఉన్నా నిలువు లోతు ఉండొచ్చు. గోడలు నున్నగా, పాచి పట్టి ఉంటాయి. ఎంత ఈత వచ్చినా చేతికి పట్టు దొరకదు. ఎక్కి వచ్చే దారి కంటికి కనబడని చోట దిగకూడదన్నది మేం నేర్పే మొదటి పాఠం.

తేట నీళ్లు లోతును దాచేస్తాయి. ఒడ్డు నుంచి చూసే కంటికి ఉన్న లోతులో ముప్పాతిక వంతే, ఒక్కోసారి ఇంకా తక్కువే కనిపిస్తుంది. ఆరడుగుల నీళ్లు నాలుగున్నర అడుగుల్లా ఉంటాయి. ఛాతీ లోతే అనుకుని దిగినవాడికి అడుగు ఆనదు. పది అడుగుల వెదురు కర్రకు అడుగుకో గుడ్డపీలిక కట్టి, ముందు కర్ర దింపి, తర్వాత కాలు వేయాలి. కర్ర ఇసుకలో మెత్తగా దిగబడిపోతుంటే వెనక్కి వచ్చేయాలి. మైదానంలో ఇసుక తవ్వుకుపోయిన వాగుల్లో ఇది మరీ అవసరం. మోకాటి నీళ్లలో నడుస్తూ నడుస్తూ మరుసటి అడుగుకే నిలువునా మునిగిపోయే గుంతలుంటాయి. ఇక బండ మీది నుంచి దూకడం. తల ముందు పెట్టి ఎప్పుడూ దూకకూడదు. నిరుడు దూకిన చోటే కదా అని కూడా దూకకూడదు. ఒక్క వరదకే బండలు దొర్లి వస్తాయి, మొద్దులు కూరుకుపోతాయి, మడుగు అడుగు మారిపోతుంది.

వేగం కొలవడానికి ఒక ఎండుటాకు చాలు. ఒడ్డున పది మీటర్లు కొలిచి ఆకు వదలండి. ఇరవై సెకన్లకు పైగా పడితే మామూలు ఈతగాడు ఎదురీదగలడు. పది సెకన్లలోపే దాటేస్తే ఎవరూ దిగకూడదు. పట్నం కొలనులో నేర్చుకున్నవాడికి 25 మీటర్లు దాటడానికి అర నిమిషానికి పైనే పడుతుంది. అంటే వాగు అతని కన్నా వేగంగా పోతోందన్నమాట. అతను ఎంత ఈదినా వెనక్కే పోతుంటాడు. వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగింతలవుతుంది. మోకాటి లోతులో మనుషులు పడిపోవడానికి కారణం ఇదే. పడితే లేచి నిలబడాలని చూడొద్దు, కాలు రాళ్ల సందున ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. వెల్లకిలా తేలి, కాళ్లు దిగువ వైపు చాపి, నెమ్మదైన నీళ్లు దొరికేదాకా పోతూ ఒడ్డు వైపు ఏటవాలుగా ఈదాలి.

జలపాతం పడేచోట తెల్లటి నురుగులోకి వెళ్లకూడదు. దానిలో గాలి కలిసి ఉండటం వల్ల ఆ నీళ్లు మనిషిని తేల్చవు, చేతులాడించినా పట్టు చిక్కదు. పైనుంచి రాళ్లూ పడతాయి. చెక్‌డ్యామ్ కింద ఉన్న మడుగు చూడ్డానికి బుద్ధిగానే ఉంటుంది. కానీ పొంగి పొర్లుతున్నప్పుడు గోడ కింద నీళ్లు తిరగబడి మళ్లీ గోడ వైపే లాగుతాయి. గజ ఈతగాళ్లకూ దాంట్లోంచి రావడం కష్టం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మడుగులో ఉండదు, పైనుంచి వస్తుంది. కొండవాగుకు నీళ్లు వచ్చే ప్రాంతం చిన్నది, వాలు ఎక్కువ. ఎగువ కొండ మీద కురిసిన వాన, మనకు నెత్తిన ఎండ కాస్తుండగానే, నిమిషాల్లో దిగివస్తుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి వద్ద ఒక్కసారిగా పెరిగిన నీళ్లలో వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం వచ్చి బయటికి తేవాల్సి వచ్చింది. మడుగు దాకా వెళ్లే దారిలో ఎన్ని వాగులు దాటాలో లెక్క పెట్టుకోవాలని ఆ ఘటన చెబుతోంది. వాన లేకపోయినా నీళ్లు రావచ్చు. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో నిలబడి ఉన్న 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థుల్ని మింగింది లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లే. మన దగ్గరా సీలేరు, డొంకరాయి, పొల్లూరు విద్యుత్ కేంద్రాలున్నాయి. వాటి దిగువన నీళ్లు తగ్గి, బండలు తేలి కనిపిస్తున్నాయంటే అది ఆ గంటకే.

దిగేముందు నీటి అంచున ఉన్న ఒక రాయిని గుర్తు పెట్టుకుని పావుగంటకోసారి చూడాలి. అది బెత్తెడు మునిగినా, తేట నీళ్లకు ఎర్రటి మట్టి రంగు తిరిగినా, ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు మారినా వెంటనే అందరూ గట్టెక్కాలి. చెప్పులు, ఫోన్లు, వంటసామాను ఏరుకుంటూ నిలబడకూడదు. మధ్యలో బండ మీదికి ఎక్కడం ఎప్పుడూ తప్పే, బండ చుట్టూ నీళ్లు మూసుకుంటాయి. మకాం ఎప్పుడూ బండి ఉన్న వైపు గట్టు మీదే పెట్టుకోవాలి.

జీన్స్ తడిస్తే బరువెక్కి మోకాళ్లు ఆడవు. చీర, చున్నీ కాళ్లకు చుట్టుకుంటాయి. పొట్టి నిక్కరు, బిగువైన బనియన్ మేలు. పాచి బండల మీద హవాయి చెప్పులు నిలవవు, వెనక పట్టీ ఉన్న రబ్బరు సోలు చెప్పులు వేసుకోవాలి. ఇసుకలో సీసా పెంకులు కూడా ఉంటాయి, వాటి నుంచీ ఇవే కాపాడతాయి. మందు తాగినవాణ్ని దిగనివ్వకూడదు, బతిమాలినా సరే. మధ్యాహ్నం మూడు దాటాక అడవిలో వెలుగు త్వరగా తగ్గుతుంది, ఆలోపే బయల్దేరాలి.

వెంట ఉండాల్సినవి ఎక్కువేం కాదు. ఇరవై మీటర్ల ప్లాస్టిక్ తాడు, వేలి మందం. నైలాన్ తాడు నీళ్లలో మునుగుతుంది, అంగళ్లలో దొరికే పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, అడిగి అదే కొనాలి. రెండు ఖాళీ ఐదు లీటర్ల నూనె క్యాన్లు, మరమూత ఉన్నవి. ఒక్కోదానిలో గ్లాసుడు నీళ్లు పోసి మూత బిగిస్తే విసిరినప్పుడు దూరం పోతుంది, తల పైకి ఉంచేంత తేలుడూ ఇస్తుంది. ఒక పెద్దమనిషి నీళ్లలోకి దిగకుండా, ఫోన్ చూడకుండా ఒడ్డునే కాపలా ఉండాలి. మునిగిపోతున్నవాడు కేకలు వేస్తాడని ఎదురుచూడొద్దు. ఊపిరికే చాలని నోరు కేక వేయలేదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి పోతూ, చేతులు పక్కలకు నీళ్లను తడుముతుంటే అది ఆట కాదు.

అప్పుడు దూకడం చివరి మార్గం. ఒకరికోసం ఇంకొకరు దూకి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మీ పత్రికలోనే ఎన్నో వచ్చాయి. చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా దిగడమూ అంతే, ఒక్క కాలు జారితే అందరూ పోతారు. ముందు కర్ర అందించండి. అందకపోతే క్యాన్, తాడు విసరండి. తాడును అతని తల మీదుగా అవతలికి పడేలా విసిరి, కూర్చుని, మడమలు బండకు తన్నిపెట్టి లాగాలి. తాడు నడుముకు, మణికట్టుకు ముడి వేసుకోకూడదు.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం ఇంకా చాలా ఊళ్లలో చేస్తున్నారు. దానితో కడుపులోని నీళ్లు, అన్నం గొంతులోకి వచ్చి ఊపిరికి అడ్డం పడతాయి, విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా ఐదుసార్లు ఊదాలి. కదలిక రాకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో ఐదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు, మళ్లీ రెండుసార్లు ఊదడం. సాయం అందేదాకా ఆపకూడదు. ఊపిరి వచ్చినవాణ్నీ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్లీ ఆయాసం మొదలయ్యే అవకాశం ఉంది. 108కి, 112కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ ఉండాలి. దారిలో చివరిసారి సిగ్నల్ ఎక్కడ ఉందో వెళ్లేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో మాట. దిగువ గూడేలవాళ్లు తాగేది, వండుకునేది ఈ నీళ్లతోనే. సబ్బు, షాంపూ వాగులో వాడొద్దు. పేపరు ప్లేట్లు వాగు ఒడ్డున వదలొద్దు.

ఇప్పుడు మా విన్నపాలు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల సభ్యులే పర్యాటకుల్ని చూసుకుంటున్నారు. ఏ మడుగులో చూరుబండ ఎక్కడుందో, ఏ వానకు ఏ వాగు ఎంతసేపట్లో వస్తుందో వాళ్లకు తెలుసు. వాళ్ల చేత చెప్పించి ప్రతి మడుగుకూ రేఖాచిత్రం గీయించి బోర్డు పెట్టాలి: దిగే చోటు, లోతు, ఎక్కే చోటు, దిగువన ఉన్న జారుడు. ప్రతి వరద సీజను తర్వాత మళ్లీ కొలిచి తేదీ వేయాలి. బోర్డు స్తంభానికే ఒక తాడు, రెండు క్యాన్లు వేలాడదీయాలి. ఆ ఊరి యువకులకు కాపలా పని, తగిన జీతం ఇవ్వాలి. విద్యుత్ కేంద్రాల దిగువన నీళ్లు వదిలేముందు సైరన్ మోగించి, దాని అర్థమేమిటో ఒడ్డునే తెలుగులో, కోయ మాటలో రాసి పెట్టాలి. ఇక మీరు ఏ వాగు గురించి పర్యాటక వ్యాసం వేసినా, అక్కడికి చేరే దారితో పాటు నీళ్లలోకి దిగే దారి, బయటికి వచ్చే దారి, ఏ నెలలో వెళ్లకూడదో కూడా అదే వ్యాసంలో వేయండి.

ఇట్లు,
కొందరు ఈత శిక్షకులు,
రాజమహేంద్రవరం